82 శాతం పొంతన అంటే ఏమిటి? జంటల లైంగిక ఇష్టాలను కొలిచే ప్రశ్నావళి గురించి

(రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. విషయం ఇదీ అని తెలియగానే ముందు వరుసలో ఉన్నవాళ్ళు కొందరు వెనక్కి సర్దుకున్నారు. చూశాను. కంగారు పడకండి, ఇవాళ మీ సొంత సంగతులేవీ అడగను. అడగాల్సి వస్తే ఎలా అడగాలి అన్నదే నా విషయం.

ఫోన్లో ఇలాంటివి మీరంతా చూసే ఉంటారు. ఇద్దరూ ఓ పది ప్రశ్నలకు జవాబులు నొక్కుతారు, చివర్లో ఒక అంకె వస్తుంది. "మీ ఇద్దరికీ 82 శాతం పొంతన కుదిరింది." చూసి మురిసిపోతారు. అదే 40 అని వస్తే ఆ పూట ఇంట్లో మాటలుండవు. సరే, నాదొక చిన్న సందేహం. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని ఇద్దరి చేత అవే పది ప్రశ్నలకు జవాబులు చెప్పిస్తే ఎంత వస్తుంది? అది తెలియకుండా 82 ఎక్కువో తక్కువో ఎవరైనా ఎలా చెప్తారు? ఈ సందేహాన్ని అలాగే పట్టుకోండి. మధ్యలో దాని దగ్గరికి వస్తాను.

అసలు కొలుస్తున్నదేమిటి? ముందు అది తేల్చుకోవాలి. లైంగిక ఇష్టాలు అంటే ఇక్కడ ఎవరి మీద ఆకర్షణ కలుగుతుంది అన్నది కాదు. వాళ్ళిద్దరూ అప్పటికే జంట. ఆ జంటలో ఒక్కొక్కరికి ఏది నచ్చుతుంది, ఎంత తరచుగా కావాలనిపిస్తుంది, చొరవ ఎవరు తీసుకుంటే బాగుంటుంది, లైటు ఉండాలా వద్దా, మాటలుండాలా మౌనంగా ఉండాలా, అంతా అయ్యాక కాసేపు దగ్గరగా ఉండాలా, అటు తిరిగి పడుకోవాలా... ఇవీ. వినడానికి చిన్న విషయాలే. కానీ చాలామంది నోరు విప్పి చెప్పలేక ఏళ్ళ తరబడి లోపలే దాచుకునేవి కూడా ఇవే.

మరి ఇన్ని ప్రశ్నావళులున్నాయి కదా, కొత్తది ఎందుకండీ అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఉన్నవాటిలో ఎక్కువ భాగం వైద్యం అవసరాల కోసం పుట్టినవి. పురుషుల అంగస్తంభన గురించి 1997లో వచ్చిన సూచికలో 15 ప్రశ్నలు. స్త్రీల కోసం 2000లో వచ్చిన సూచికలో 19, అవీ గడిచిన 4 వారాల గురించే. గోలంబాక్, రస్ట్ కలిసి 1980ల మధ్యలో తయారు చేసినదాంట్లో ఆడవాళ్ళకు 28, మగవాళ్ళకు 28. ఇవన్నీ అడిగేది ప్రధానంగా ఇదే: అంతా సజావుగా ఉందా, ఎక్కడైనా ఇబ్బంది ఉందా? అడగాల్సిన మాటే. కానీ ఒంట్లో ఏ ఇబ్బందీ లేని ఇద్దరున్నారు, ఒకరికి తెల్లవారుజామున ఇష్టం, రెండోవారికి అర్ధరాత్రి ఇష్టం. ఈ జంట ఏ సూచికలో కనపడుతుంది? ఎక్కడా కనపడదు. ఇద్దరికీ ఫుల్ మార్కులే.

జంటను జంటగా చూసిన తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి 1974 నాటిది. లోపికోలో, స్టెగర్ అనే ఇద్దరు 17 రకాల లైంగిక చర్యలు తీసుకుని, ఒక్కోదాని మీద ఆరేసి ప్రశ్నలు అడిగారు. ఇప్పుడు ఎంత తరచుగా జరుగుతోంది? ఎంత తరచుగా జరిగితే బాగుంటుంది? నీకు ఎంత హాయిగా ఉంటుంది? నీ భాగస్వామికి ఎంత హాయిగా ఉంటుందని నీ అంచనా? నీకు ఎంత హాయిగా ఉండాలని కోరుకుంటావు? తనకు ఎంత ఉండాలని కోరుకుంటావు? పదిహేడు ఆరులు 102. పూర్తి చేసేసరికి ఇష్టాలన్నీ ఆవిరైపోతాయనుకోండి, అది వేరే సంగతి. కానీ అందులో నాలుగో ప్రశ్న చూడండి. తనకు ఎలా ఉంటుందని నీ అంచనా? ఆ ఒక్క ప్రశ్నతో సంగతి మారిపోయింది. నాకేం ఇష్టం అన్నది ఒకటి. నీకేం ఇష్టమని నేననుకుంటున్నాను అన్నది రెండు. నిజంగా నీకేం ఇష్టమో నువ్వు చెప్పేది మూడు. జంటను కొలవాలంటే ఈ మూడూ కావాలి. ఒకటి తగ్గినా మిగిలేది ఇద్దరు వ్యక్తుల సర్వే. జంట సంగతి అందులో ఉండదు.

ఇప్పుడు ప్రశ్నలు రాయడం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెర మీద ఈ వాక్యం చూడండి. "మేము తరచూ కొత్తవి ప్రయత్నించడానికి ఇష్టపడతాం." కింద ఐదు గడులు, అస్సలు కాదు నుంచి పూర్తిగా అవును దాకా. ఈ ఐదు గడుల పద్ధతి రెన్సిస్ లైకర్ట్ 1932లో పెట్టినది, అప్పటినుంచి ప్రపంచమంతా వాడుతూనే ఉంది. వాక్యం బాగానే ఉంది కదా? బాగుందనేవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు.

సరే, ఒక్కో మాటా పట్టుకుందాం. "మేము." ఎవరు మేము? నాకు ఇష్టం, తనకు లేదు. నేనేం గీయాలి? కొందరు తమ ఇష్టం గీస్తారు, కొందరు ఇద్దరి సగటు వేస్తారు, కొందరు గొడవెందుకని భాగస్వామి ఇష్టాన్నే గీసేస్తారు. మనకొచ్చేది ఒకే అంకె. "తరచూ." నెలకొకసారా, ఏడాదికొకసారా? "కొత్తవి." ఎవరికి కొత్త? ఒకరికి వేరే గదిలోకి వెళ్ళడమే కొత్త. ఇంకొకరికి అది లెక్కలోకే రాదు. "ప్రయత్నించడానికి ఇష్టపడతాం." అంటే ప్రయత్నించారా, ప్రయత్నించాలని ఉందా, ఎదుటివారు అడిగితే కాదనరా? ఐదారు మాటలున్న వాక్యంలో ఇన్ని సందులు. పది మంది మూడో గడి గీస్తే, ఆ పది మందీ పది వేరే ప్రశ్నలకు జవాబు చెప్పినట్టు.

ఇది కాగితం ముందు కూర్చుని ఆలోచిస్తే తట్టదు. జవాబు చెప్పేవాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, "ఈ ప్రశ్న పైకి చదవండి, గడి గీసేలోపు మీ మనసులో ఏం నడుస్తోందో బయటికి చెప్తూ గీయండి" అని అడగాలి. కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు దీన్ని. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా వెయ్యిమందికి పంపేస్తారు. తర్వాత గణాంకాలతో బాగుచేద్దామనుకుంటారు. కుదరదండి. తప్పుగా అడిగిన ప్రశ్నను ఏ లెక్కా బాగుచేయలేదు.

మరి ఆ వాక్యాన్ని ఎలా రాయాలి? "కొత్తవి" అన్న గంపగుత్త మాట తీసేసి ఒక ఫలానా విషయం పెట్టాలి. "మేము" తీసేసి "నేను" పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, గడులు మార్చాలి. నేనైతే ఇలా పెడతాను. నాకే కావాలని ఉంటుంది. తను అడిగితే సంతోషంగా సరే అంటాను. తను అడిగితే సరే అంటాను గానీ మనసుండదు. వద్దంటాను. దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. చెప్పదలచుకోలేదు.

రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న తేడా చూడండి. పైకి రెండూ "సరే"నే. ఆ రాత్రి జరిగేదీ ఒకటే. కానీ ఒకటి ఇచ్చిపుచ్చుకోవడం, రెండోది సర్దుకుపోవడం. లైకర్ట్ ఐదు గడుల్లో ఈ రెండూ కలిసిపోయి "అవును" దగ్గర కూర్చుంటాయి. అలా కూర్చున్నాక ఇక విడదీయలేం. చివరి రెండు గడులూ అంతే. మామూలు స్కేల్లో నడిమి గడి మీద అందరూ పడతారు. ఏ ఇష్టం లేనివాళ్ళూ, ఆలోచించనివాళ్ళూ, సిగ్గుపడేవాళ్ళూ. ముగ్గురికీ అదే 3. ఇది అన్యాయం కాదా?

ఇంకొక మాట. అమెరికాలో లైంగిక ప్రవర్తన మీద పరిశోధన చేసిన ఆల్ఫ్రెడ్ కిన్సీ, ఆయన సహచరులు సుమారు 18,000 మందిని ముఖాముఖి కూర్చోబెట్టి అడిగారు. వాళ్ళ పుస్తకాలు 1948లో పురుషుల గురించి, 1953లో స్త్రీల గురించి వచ్చాయి. వాళ్ళు "ఎప్పుడైనా ఇది చేశారా?" అని అడిగేవారు కాదు. "మొదటిసారి ఎప్పుడు?" అని అడిగేవారు. లేదు అని చెప్పాల్సిన భారం జవాబు చెప్పేవారి మీదే పెట్టడమన్నమాట. దాచిపెట్టే అలవాటున్న విషయాల్లో ఇది పనికొచ్చింది. కానీ మనం ఇక్కడ దాన్ని అరువు తెచ్చుకోకూడదని నా అభిప్రాయం. జరిగినదాన్ని బయటికి రప్పించడం వేరు, ఇష్టాన్ని అడగడం వేరు. "ఇది మీకు ఎంత ఇష్టం?" అని మొదలుపెడితే ఇష్టం లేకపోవడం ఏదో లోపంలా వినిపిస్తుంది. "కొందరికి ఇది నచ్చుతుంది, కొందరికి నచ్చదు, మీకెలా ఉంటుంది?" అని రెండు తలుపులూ తెరిచి అడగాలి.

ఎంత తరచుగా అన్న ప్రశ్న దగ్గర ఇంకొక గొయ్యి ఉంది. 1985లో నార్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు జర్మనీలో రోజూ టీవీ ఎంతసేపు చూస్తారని అడిగారు. కొందరికి ఇచ్చిన గడులు అరగంట నుంచి మొదలై రెండున్నర గంటలకు మించి అన్నదాని దగ్గర ఆగాయి. ఇంకొందరికి రెండున్నర గంటల దాకా అన్నదే మొదటి గడి, అక్కడినుంచి నాలుగున్నర దాటేవరకు. రెండున్నర గంటలకు మించి చూస్తామన్నవాళ్ళు మొదటి గుంపులో 16.2 శాతం, రెండో గుంపులో 37.5 శాతం. ప్రశ్న అదే, మనుషులూ అలాంటివాళ్ళే. ఏం జరిగింది? జవాబు చెప్పేవాడు గడులు చూసి "ఓహో, మధ్యలో ఉన్నది మామూలన్నమాట" అనుకుని తన్ను తాను అక్కడికి సర్దుకున్నాడు. టీవీకే ఇలా అయితే కలయిక గురించి అడిగినప్పుడు ఎలా ఉంటుంది? అందుకని ఇక్కడ గడులొద్దు. ఖాళీ ఉంచి అంకె రాయమనడమే మంచిది.

అంకె రాసినా ఇద్దరి అంకెలూ కలవవు. అది మీకు తెలుసు, ఎందుకు నవ్వుతున్నారో కూడా తెలుసు. భార్యాభర్తలు చెప్పే లెక్కల్లో తేడా ఊరికే గందరగోళంగా రాదనీ, ఒక పద్ధతిగా ఒక పక్కకు వంగుతుందనీ జార్జ్ లెవింజర్ 1966లోనే చూపించారు. ఎవరి కోరిక ఎటు ఉందో జ్ఞాపకం కూడా అటే జరుగుతుంది. కాబట్టి "నిజమైన అంకె ఎవరిది?" అని తీర్పు చెప్పడానికి కూర్చోకండి. ఆ తేడాను కూడా ఒక సమాచారంగా తీసుకోండి.

నిజం చెప్పడం గురించి త్వరగా రెండు ముక్కలు. మంచివాళ్ళలా కనపడాలన్న తాపత్రయాన్ని కొలవడానికి క్రౌన్, మార్లో 1960లో 33 ప్రశ్నల స్కేలు తయారు చేశారు. దాన్ని పక్కన పెట్టి చూడొచ్చు. కానీ అంతకన్నా పనికొచ్చేది ఏకాంతం. మనిషి ఎదురుగా కూర్చుని అడిగినప్పటికన్నా, కంప్యూటర్ మీద తమంతట తామే నింపినప్పుడు సున్నితమైన విషయాలు ఎక్కువగా బయటికొస్తాయని టూరాంజో, స్మిత్ 1996లో చూపించారు. జంటల విషయంలో ఏకాంతం అంటే అడిగేవారి నుంచి మాత్రమే కాదు, పక్కన కూర్చున్న భాగస్వామి నుంచి కూడా. ఒకే సోఫాలో కూర్చుని "నువ్వేం పెట్టావు?" అనుకుంటూ నింపితే అది ప్రశ్నావళి కాదు, ఒప్పందం. ఇద్దరికీ వేర్వేరు లింకులు, ఒకే సమయం, వెనక్కి వెళ్ళి జవాబు మార్చుకునే వీలు లేకుండా. ఇంతే.

పక్కమాట ఒకటి. ఇలాంటి ప్రశ్నలు అడగడానికి డబ్బు పుట్టడం కూడా అంత తేలిక కాదు. బ్రిటన్‌లో జాతీయ లైంగిక సర్వేకు 1989లో ప్రభుత్వం డబ్బివ్వడానికి నిరాకరిస్తే వెల్‌కమ్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చింది. అమెరికాలో 1992 సర్వేకు కూడా ప్రభుత్వం చెయ్యి వెనక్కి లాక్కుంటే ప్రైవేటు ఫౌండేషన్ల సాయంతో 3,432 మందిని అడిగారు. అడగడానికే ఇంత జంకు ఉంటే జవాబు చెప్పేవాళ్ళ జంకును తప్పుపట్టగలమా?

సరే, 82 దగ్గరికి వచ్చేశాం.

పది ప్రశ్నలున్నాయనుకోండి. ముద్దు ఇష్టమా? దగ్గరగా పడుకోవడం ఇష్టమా? మెచ్చుకుంటే ఇష్టమా? ఇలాంటివి. ఒక్కోదానికీ నూటికి తొంభై మంది అవుననే చెప్తారనుకోండి. ఊహకే అంటున్నాను, లెక్క సులువుగా ఉంటుందని. ఇప్పుడు ఒకరికొకరు తెలియని ఇద్దరిని తీసుకోండి. ఇద్దరూ అవుననే అవకాశం 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. ఇద్దరూ కాదనే అవకాశం 0.1 ఇంటూ 0.1, అంటే 0.01. కలిపితే ఎంత?

గట్టిగా చెప్పండి. అవును, 0.82.

అంటే ఆ ఫోన్ ఇచ్చిన 82 శాతం పొంతన, బస్టాపులో పక్కపక్కన నిలబడ్డ ఏ ఇద్దరికైనా సగటున వచ్చేదే. ఆ జంట గురించి అది చెప్పింది శూన్యం. అదే సగం మందికి నచ్చి సగం మందికి నచ్చని విషయాలు అడిగి ఉంటే? 0.25, 0.25 కలిపి 0.5. అక్కడ తెలియనివాళ్ళకు వచ్చేది 50. అప్పుడు 82 వస్తే, అవును, ఆ ఇద్దరి మధ్య ఏదో ఉంది. అంకె అదే, అర్థం మాత్రం వేరు.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడం అనే అంకెలో ఎన్ని వేర్వేరు ముక్కలు కలిసిపోతాయో లీ క్రాన్‌బాక్ 1955లోనే విడదీసి చూపించారు. నాకు నా భాగస్వామి గురించి ఏమీ తెలియకపోయినా, సాధారణంగా మనుషులకు ఏం నచ్చుతుందో తెలిస్తే చాలు, చాలా జవాబులు సరిపోతాయి. ఇంకొక దారి కూడా ఉంది. నాకు నచ్చిందే తనకూ నచ్చుతుందనుకుని నా జవాబులే మళ్ళీ గీస్తాను. మేమిద్దరం నిజంగా ఒకేలాంటివాళ్ళమైతే నా అంచనాలన్నీ కరెక్ట్. కానీ నేను తనను చూసింది ఎక్కడ? అద్దంలో నన్ను నేను చూసుకున్నాను, అంతే. కెన్నీ, అసిటెల్లి 2001లో దగ్గరి సంబంధాల్లో ఈ రెండింటినీ, అంటే నిజంగా తెలుసుకోవడాన్నీ తన ఇష్టాన్నే ఎదుటివారికి అంటగట్టడాన్నీ, వేర్వేరుగా లెక్కగట్టే దారి చూపించారు.

ఇదంతా సిద్ధాంతం అనుకుంటారేమో. 2004లో మిల్లర్, బయర్స్ 152 జంటలను అడిగారు. కలయికకు ముందు సరసానికి, కలయికకు ఎంతసేపు ఉంటే బాగుంటుంది? నీ భాగస్వామికి ఎంతసేపు కావాలంటావు? అసలు మగవాళ్ళకు, ఆడవాళ్ళకు సాధారణంగా ఎంతసేపు కావాలంటావు? భాగస్వామి గురించి వాళ్ళు వేసిన అంచనాలు ఎటు మొగ్గాయో తెలుసా? భాగస్వామి స్వయంగా చెప్పిన జవాబు కన్నా, "మగాళ్ళంతా ఇంతే, ఆడాళ్ళంతా ఇంతే" అన్న తమ నమ్మకానికే దగ్గరగా ఉన్నాయి. ఒక మంచం మీద పడుకునేవాళ్ళండీ! ఇంకొకటి. మ్యూజ్, ఆమె సహచరులు 2016లో చాలాకాలంగా కలిసి ఉంటున్న జంటల్లో చూస్తే, మగవాళ్ళు తమ భాగస్వామికి ఉన్న కోరికను ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తున్నారు. లోకంలో అందరం అనుకునేదానికి ఇది పూర్తిగా తిరగేసి ఉంది. రెండో ప్రశ్న, అదే, నీ భాగస్వామి ఏమంటుందని నీ అంచనా అన్నది, లేకపోతే ఇవేవీ బయటపడేవి కావు.

మరి ఏం చేయాలి? కాగితం మీద దొంగ జంటలు కట్టాలి. నవ్వకండి, నిజంగానే. ఒక జంటలోని అతని జవాబులను ఇంకొక జంటలోని ఆమె జవాబులతో జోడించండి. అలా వందల జతలు కట్టి వాళ్ళ పొంతన ఎంతో చూడండి. అసలు జంటల పొంతన దానికన్నా ఎంత పైన ఉందో అదే లెక్కలోకి తీసుకోండి. లేదా ఒక్కో ప్రశ్నకు అందరి సగటును తీసేసి మిగిలిన దాన్ని పోల్చండి. అందరికీ నచ్చే ప్రశ్నలను మాత్రం పూర్తిగా పారేయకండి. నూటికి పది మందికి ముద్దు నచ్చదనుకున్నాం కదా, ఆ పది మంది ఇళ్ళలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే. ప్రశ్న ఉంచండి, పొంతన లెక్కలో కలపకండి.

ఇక తీసివేతల సంగతి. నా మార్కులోంచి తన మార్కు తీసేస్తే తేడా వస్తుంది, తేడా ఎంత తక్కువుంటే అంత మంచిది. ఎంత ముచ్చటగా ఉందో! రెండు చిక్కులున్నాయి. ఇద్దరికీ 5 వచ్చినా తేడా సున్నా, ఇద్దరికీ 1 వచ్చినా తేడా సున్నా. ఇద్దరికీ గాఢంగా ఇష్టం ఉన్న జంట, ఇద్దరికీ అస్సలు ఇష్టం లేని జంట, రెండూ ఒకటేనా? రెండో చిక్కు లెక్కలది. విద్యార్థులు ఇది రాసుకోండి. ఒక్కొక్కరి స్కోరు విశ్వసనీయత, అంటే ఆ స్కోరును ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె, 0.8, చాలా బాగుంది. ఇద్దరి స్కోర్ల మధ్య సహసంబంధం, అంటే ఒకరి స్కోరుతో రెండోవారిది ఎంతవరకు కలిసి నడుస్తుందో చెప్పే అంకె, 0.6. తేడా స్కోరు విశ్వసనీయత ఎంత? 0.8 లోంచి 0.6 తీసేస్తే 0.2. దాన్ని 1 లోంచి 0.6 తీసేయగా మిగిలిన 0.4తో భాగించండి. 0.5. అంటే ఆ తేడాలో సగం వట్టి రొద. జంట ఎంత ఒకేలా ఉంటే తేడా అంత నమ్మలేనిదవుతుంది. అందుకని తీసివేయకండి. ఇద్దరి స్కోర్లనూ విడివిడిగా ఉంచి, నా ఇష్టం నా తృప్తి మీద ఎంత పనిచేస్తోంది, తన ఇష్టం నా తృప్తి మీద ఎంత పనిచేస్తోంది అని రెండు దారులూ ఒకేసారి చూడండి. యాక్టర్-పార్ట్‌నర్ మోడల్ అని వెతికితే దొరుకుతుంది.

ఫ్యాక్టర్ అనాలిసిస్, అంటే ఏ ప్రశ్నలు కలిసి ఒక గుంపుగా నడుస్తున్నాయో తేల్చే లెక్క, దాని గురించి ఎక్కువ చెప్పను, పుస్తకాల్లో బోలెడంత ఉంది. జంటలకు వర్తించే జాగ్రత్తలు మాత్రం చెప్తాను. 300 మంది జవాబులొచ్చాయంటే మీ దగ్గరున్నవి 150 జంటలే. ఒక ఇంట్లో ఇద్దరూ ఒకరి ప్రభావంలో ఒకరు ఉంటారు, వాళ్ళను వేర్వేరు మనుషుల్లా లెక్కేస్తే మీ ఫలితాలు ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తాయి. ఇద్దరినీ పోల్చేముందు, ప్రశ్నలు ఇద్దరి విషయంలోనూ ఒకేలా పనిచేస్తున్నాయా అన్నది పరీక్షించాలి. ఇద్దరూ స్త్రీలో, ఇద్దరూ పురుషులో అయిన జంటల్లో ఎవరిని మొదటి గడిలో వేస్తారు? అక్కడ మోడలే వేరుగా కట్టాలి. ప్రశ్నల్లో "భర్త", "భార్య" అని రాసేశారంటే వాళ్ళను గుమ్మంలోనే ఆపేసినట్టు. "భాగస్వామి" అనండి, చాలు.

ఆల్ఫా గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. క్రాన్‌బాక్ ఆల్ఫా, 1951. స్కేల్లోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె ఇది. థీసిస్ రాసే ప్రతివాళ్ళూ 0.7 దాటిందా లేదా అని దాని వెంట పడతారు. ప్రశ్నలన్నీ ఒకే గుణం నుంచి పుట్టినప్పుడు అది బాగుంటుంది. కానీ లైటు ఉండాలనుకునేవాళ్ళకు మాటలు కూడా ఉండాలని రూలేమైనా ఉందా? ఇష్టాల జాబితాలో ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు, కలవక్కర్లేదు. ఆల్ఫా పెంచడం కోసం కలవని ప్రశ్నలను తీసేస్తూ పోతే చివరికి ఒకే ప్రశ్నను పది రకాలుగా అడిగిన కాగితం మిగులుతుంది. ఆల్ఫా అద్భుతంగా ఉంటుంది, ప్రశ్నావళి ఎందుకూ పనికిరాదు.

అయితే ఆల్ఫా వద్దు, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ అడిగి చూస్తే సరి అంటారు. మంచిదే, అదే చేయాలి. కానీ ఇక్కడో తిరకాసు. థర్మామీటర్ పెట్టినందువల్ల జ్వరం రాదు. ఈ ప్రశ్నావళి అలా కాదు. మొదటిసారి నింపాక ఆ ఇద్దరూ ఇంటికెళ్ళి ఊరుకుంటారా? "నువ్వు ఆ ఏడో ప్రశ్నకేం రాశావు?" అన్న మాట ఏదో ఒక రాత్రి వచ్చే తీరుతుంది. రెండోసారికి జవాబులు మారితే అది మన స్కేలు తప్పో, ఆ మాట ఫలితమో తెలియదు. అందుకే రెండోసారి మొట్టమొదటి ప్రశ్న ఇదే ఉండాలి: ఈ మధ్యలో మీరిద్దరూ దీని గురించి మాట్లాడుకున్నారా?

ఇక ఫలితాలు ఆ జంటకు ఎలా ఇవ్వాలి? చాలామంది దీన్ని చివర్లో ఆలోచిద్దామనుకుంటారు. నా దృష్టిలో మొదటి ప్రశ్న రాయకముందే తేల్చుకోవాల్సింది ఇదే. అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది: ఇద్దరూ అవునన్నవే చూపిద్దాం, మిగతావి దాచేద్దాం. ఎవరు "కాదు" అన్నారో ఎవరికీ తెలియదు. బాగుంది కదా? ఒక్క నిమిషం ఆలోచించండి. నేను పన్నెండోదానికి అవునన్నాను. ఇద్దరూ అవునన్నవాటి జాబితా వచ్చింది. అందులో పన్నెండు లేదు. ఏమర్థమైంది నాకు? తను కాదంది. దాచేశామనుకున్నది దాగలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఏం బయటపడుతుందో తెలియకుండా బయటపడింది.

దీనికి నాకు తెలిసిన దారులు మూడే. ఒకటి, పరిశోధన కోసమైతే జంటకు వాళ్ళ ఫలితాలేవీ ఇవ్వకపోవడం, ఆ మాట ముందే చెప్పి సంతకం తీసుకోవడం. రెండు, ప్రతి ప్రశ్న పక్కన "నా జవాబు ఏదైనా సరే, ఇది జాబితాలోకి రానివ్వొద్దు" అన్న గడి ఇవ్వడం. అప్పుడు జాబితాలో లేని విషయం కాదన్నందువల్ల లేదో, ఆ గడి గీసినందువల్ల లేదో తేల్చలేరు. అందరూ దాన్ని అక్కడక్కడ వాడుకుంటేనే అది కాపాడుతుంది, అందుకని వాడమని మనమే ప్రోత్సహించాలి. మూడు, కౌన్సెలర్ సమక్షంలో ఒక్కో విషయం, ఎవరిది వాళ్ళే చెప్పుకోవడం.

ఇందాక మూడో గడి అన్నాను గుర్తుందా, సరే అంటాను గానీ మనసుండదు అన్నది. ఆ జవాబు ఏ దారిలోనూ భాగస్వామికి చేరకూడదు. కొన్ని ఇళ్ళల్లో అది ఒక మామూలు సర్దుబాటు. కొన్ని ఇళ్ళల్లో దాని వెనక భయం ఉంటుంది, ఏది ఎక్కడో మనకు కాగితం మీద తెలియదు. అందుకని బలవంతం గురించిన ప్రశ్నలు ఉంటే అవి విడిగా, ఒంటరిగా ఉన్నప్పుడే, తెరను చటుక్కున మూసేసే బటన్‌తో పాటు రావాలి. సాయం ఎక్కడ దొరుకుతుందో ఆ సమాచారం అడిగినా అడగకపోయినా ఇద్దరికీ ఒకేలా ఇవ్వాలి. ఒకరికే ఇస్తే రెండోవాళ్ళు ఎందుకని అడుగుతారు. ఇద్దరిలో ఒకరు మధ్యలో తప్పుకుంటే రెండోవారి జవాబులు కూడా జంట లెక్కలోంచి తీసేయాలి, ఎవరు తప్పుకున్నారన్నది రెండోవారికి మన నోటి నుంచి పొక్కకూడదు.

నాకిచ్చిన టైము అయిపోయింది, నిర్వాహకులు చెయ్యి చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. నోటితో అడగడానికి మొహమాటమైతే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.